ఫ్లెక్సీ మీద పోసిన పాలు

“దేవునికి పోసేటప్పుడు నీళ్లు కలుపుతవ్. గా ఫ్లెక్సీకి మాత్రం చిక్కటి పాలు పోసినవ్. ఒక్క సుక్కన్న నీళ్లు కలిపినవా? చెప్పు!”

ఆండాలు మాటకు పెంటయ్య తలెత్తలేదు. రాణి మెడ కింద కొబ్బరి పీచుతో రుద్దుతూనే ఉన్నాడు. ఆ బర్రెను పొద్దునే ఒకసారి కడిగాడు. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఎందుకు కడుగుతున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. కడుగుతున్నంతసేపు ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు.

వర్షిత కొట్టం గుమ్మంలోనే నిలబడింది. వార్డాఫీసు నుంచి నేరుగా వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు. చేతిలో ఒక జిరాక్సు కాగితం.

ఆ కాగితంలో పెంటయ్య నవ్వుతున్నాడు. తెల్ల అంగీ, భుజాన కండువా, రెండు చేతులతో తలపైకి ఎత్తిన పాల క్యాను. ఎదురుగా నాయకుడి ఫ్లెక్సీ. ఫ్లెక్సీ అడుగున, చిన్నగా కాదు, బాగానే కనబడేటట్టు గోదాముల సేఠ్ ముఖం. పాలు ఇద్దరి మీదా పడుతున్నాయి.

ఆ ఫొటో తీసి మూడు నెలలు. అది పేపర్లో పడినప్పుడు ఉప్పుగూడ గల్లీలోని నలభై పాడి ఇళ్ల వాళ్లూ నవ్వుకున్నారు. పోయిన నెల ప్రతి కొట్టం తలుపుకూ కొత్త పన్ను నోటీసు అంటించారు. అప్పటి నుంచి నవ్వడం మానేశారు.

“మాట్లాడవేంది బాపూ?” అంది వర్షిత.

“ఏం మాట్లాడాలె?”

“నలభై ఇండ్ల దిక్కెల్లి రాసిన అభ్యంతరం తీసుకొని పోయిన. అంజన్న పెద్దబాపు గూడ నా ఎంటనే ఉన్నడు. ఆ సారు మొత్తం ఇన్నడు. ఇని, ఫైలు తెరిచి ఈ ఫొటో సూపిచ్చిండు. ‘మీ నాన్నే కదమ్మా’ అన్నడు. కింద ఏం రాసిన్రో చదువుత, ఇను.” ఆమె కాగితం కళ్లకు దగ్గరగా పట్టుకుంది. “‘సంబంధిత వర్గాల అభిప్రాయం: పాడి రైతులు హర్షం వ్యక్తం చేసిరి. ఫొటో జతపరచడమైనది.’”

“హర్షం అంటే?” అంది ఆండాలు.

“సంతోషం అమ్మా.”

“ఎవలకు సంతోషం?”

“మనకే.”

ఆండాలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో వర్షితకు తెలియలేదు.

ఆ ఇంట్లో మొదటి డిగ్రీ వర్షితది. మలక్‌పేటలో ఒక ఆడిటర్ దగ్గర పని. ఆ కొత్త పన్ను చట్టం అరవై రెండు పేజీలు. మూడు ఆదివారాలు కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివింది. శాసనసభ సమావేశాల ఆఖరి రోజు పొద్దున సభ్యులకు ప్రతులు పంచారట. మధ్యాహ్నం కాకముందే ఆమోదించారట. చర్చ పదకొండు నిమిషాలు నడిచింది.

నలభై ఏడో పేజీలో వాళ్ల కొట్టం ఉంది. నగరంలో బర్రెలు కట్టేసే ప్రతి చోటూ ఇకపై వాణిజ్య స్థలం. నలభై తొమ్మిదో పేజీలో, ఎకరానికి మించిన గోదాములకూ ఫంక్షన్ హాళ్లకూ పదేళ్ల మినహాయింపు. రెండింటికీ మధ్య ఒకే ఒక్క పేజీ. ఆ పేజీలో ఏముందో ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు.

“పెద్దబాపు ఏమన్నడు?” రుద్దడం ఆపకుండానే అడిగాడు పెంటయ్య.

“ఏమనలే. బండి మీద కూసున్నంక అన్నడు. రేపు పది గంటలకు విచారణ ఉన్నది, మీ బాపును తోలుకరా అన్నడు. ఫొటోల ఉన్న మనిషే వచ్చి నాకు తెల్వక పోసిన అని రాసిస్తే, ఆ పేజీ తీసేసి మన కాగితం పైకి పంపుతరట.”

“రాకుంటే?”

“రాకుంటే గడ్డి లారీల మన వాటా ఉండదని చెప్పమన్నడు.”

పీచు ఆగింది. నలభై ఇళ్లూ కలిసి, గల్లీ పెద్ద అంజన్న చేతి మీదుగా తెప్పించుకునే గడ్డి అది. పెంటయ్య తండ్రి కాలం నుంచి ఆ లారీ గల్లీ మొదట్లో ఆగుతోంది. దాంట్లో వాటా లేదంటే గల్లీలో మనిషి లేడన్నట్టే.

“కొత్త పన్ను కట్టాలంటే ఈ ఏడు రెండు బర్రెలు అమ్మాలె,” అంది ఆండాలు. “మళ్ల ఏడు ఇంకో రెండు. ఆరు బర్రెలున్నయ్ మనకు. ఆ ముచ్చట నేను జెప్పాల్నా? పోయి రాసియ్యి. నాకు సదువు రాదు, తెల్వక పోసిన అను. అండ్ల ఏమున్నది?”

“శ్రవణ్ పేరు వస్తది.”

“వస్తే రానీ! పిలిచింది ఆ వార్డు లీడరే గద!”

పెంటయ్య బక్కెట్టు పక్కకు జరిపాడు. “ఆ రోజు నా పని నేను చేసుకుంటున్న. రాణికి తవుడు పెడుతున్న. శ్రవణ్ ఉరికొచ్చిండు. ‘పెంటన్నా, పాడోళ్లకు పన్ను తీసేసిన్రు, ఇప్పుడే ఫోన్ల వచ్చింది, పేపరోళ్లు నిలబడ్డరు, ఒక క్యాను తే’ అన్నడు. తెచ్చిన.”

“అడగకుండనే?” అంది వర్షిత. “ఏ పన్ను, ఎంత తీసేసిన్రు, ఏడ రాసున్నది... ఏమీ అడగలే?”

“అడగలే.”

“నలభై ఇండ్లున్నయ్ బాపూ. ఒక్కలనన్న పిలువకపోతివి. నువ్వొక్కనివే ఎందుకు పోయినవ్?”

రాణి తోక ఒకసారి పెంటయ్య వీపు మీద తగిలింది. తుడుచుకోలేదు.

“చెప్పరాదు,” అంది ఆండాలు. “అంత ప్రేమ ఏంది ఆ చట్టం మీద?”

“చట్టానికి పోయలేదే.”

“మరి ఎవలకు పోసినవ్? సేఠ్‌కా?”

“సిలిండరుకు పోసిన.”

ఎవరికీ అర్థం కాలేదు. పెంటయ్య బర్రె వీపు మీద చెయ్యి పెట్టి, ఆ చేతినే చూస్తూ చెప్పాడు.

“రెండోసారి కరోనా వచ్చినప్పుడు నీకు ఊపిరి ఆడకపాయె. మూడు దవాఖానల్ల మంచం లేదన్నరు. పత్తర్‌గట్టి కాడ ఆటో ఆపి రోడ్డు మీద కూసున్న. శ్రవణ్ ఏడికెల్లి తెచ్చిండో, సిలిండర్ భుజం మీద పెట్టుకొని మదీనా దిక్కెల్లి నడుసుకుంట వచ్చిండు. వాని భుజం తోలు లేసింది. అప్పటి సంది వాడు ఏదన్న ఒక్కటి అడిగితే బాగుండు అనుకున్న. అడగకపాయె. నాలుగేండ్లకు వచ్చి ఒక క్యాను పాలు అడిగిండు.”



“ఈ ముచ్చట నాకెన్నడు చెప్పలే,” అంది ఆండాలు.

“ఏం చెప్పాలె? నువ్వు బతికినవ్ గద.”

ఆండాలు వచ్చి ఆయన చేతిలోంచి పీచు తీసుకుంది. రాణికి అటువైపు వెళ్లి రుద్దసాగింది. ఆమెకూ ఎవరి ముఖం చూడకుండా ఉండాలనిపించింది కాబోలు.

వర్షిత చెప్పులు విడిచింది.

*

ఐదింటికి శ్రవణ్‌కుమార్ బండి గుమ్మం ముందు ఆగింది. వార్డు నాయకుడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. గల్లీలో పది మంది ఆయన్ని చూసి తలుపులు వేసుకున్నారు. ఆయన అది చూడనట్టు లోపలికి వచ్చాడు.

“వదినా, చాయ్ తాగక నెలైంది మీ ఇంట్ల.”

“పన్ను కట్టినంక పాలుంటే పోస్త, కూసో తమ్మీ.”

పోసింది. చిక్కటి పాలతోనే, పెద్ద గ్లాసులో. వర్షిత అది గమనించింది. పొద్దున ఇదే శ్రవణ్ పేరెత్తితే ఆమె తల్లి చీపురు తీసేది.

“అన్నా, ఒక్క చిన్న పని,” అన్నాడు శ్రవణ్ రెండు గుటకలయ్యాక. “రేపు మలక్‌పేటల సేఠ్ కొత్త ఫంక్షన్ హాల్ ఓపెనింగ్. పది గంటలకు. పోయినసారి ఫొటో మస్తు నచ్చిందట సేఠ్‌కు. నీ చేతుల మీద మళ్లొక్కసారి పాలాభిషేకం చేయాలంటున్నరు. ఈసారి పది క్యాన్లు.”

“ఎవలకు?” అంది ఆండాలు.

“సేఠ్ ఫ్లెక్సీకే.”

“మనిషి బతికే ఉన్నడు గద తమ్మీ. గ్లాసుల పోస్త, తాగమను.”

శ్రవణ్ నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగింది.

“రేపు పది గంటలకు వార్డాఫీసుల విచారణ ఉన్నది బాబాయ్,” అంది వర్షిత.

“ఎర్కే బిడ్డా. అందుకే వచ్చిన.” ఆయన గొంతు తగ్గించాడు. “అన్నా, నీ కొట్టం ఒక్కటి లిస్టుల నుంచి తీపిస్తనన్నడు సేఠ్. ఒక్క ఫోన్ చేస్తే అయిపోతదట. నువ్వు రేపు విచారణకు పోకుండ ఓపెనింగ్‌కు వస్తే చాలు.”

“మిగతా ముప్పై తొమ్మిది?”

“అన్ని నాతోని అయితయా అన్నా?”

పెంటయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కోపంగా లేడు. అలిసిపోయినట్టున్నాడు.

“శ్రవణ్, ఒకటి అడుగుత. ఆ రోజు నాకు జెప్పినవ్ గద పన్ను తీసేసిన్రని. నువ్వు చదివినవా?”

“ఎవలు చదువుతరన్నా? గ్రూపుల మెసేజ్ వచ్చింది. పాలాభిషేకాలు చేయాలె, గంటల ఫొటోలు పెట్టాలె అన్నరు. చేసిన. మా ఎమ్మెల్యే సారే చదవలే. చెయ్యెత్తుమన్నరు, ఎత్తిండు.”

“ముప్పై ఏండ్ల సంది ఓటేస్తున్న,” అన్నాడు పెంటయ్య. “లైన్ల నిలబడి, ఎండకు, వానకు. ఒక్కసారన్న కొట్టం కాడికి వచ్చి, ‘పెంటయ్యా, గిట్ల రాస్తున్నం, నీకేమన్న కష్టమైతదా’ అని అడిగిన్రా? సేఠ్‌ను అడిగినట్టున్నరు. ఆయనకు కావాల్సింది రాసున్నది. పార్టీకి చందాలిచ్చినోళ్ల పేర్లు పేపర్ల పడితే మొదటి పేరు ఆయనదే అని మా బిడ్డ చూపిచ్చింది. నా ఓటు ఐదేండ్లకొకసారి. ఆయన ఫోను రోజు పోతది.”

శ్రవణ్ గ్లాసును చేతిలో తిప్పాడు.

“నాకు వాళ్ల మీద ఎంత కోపమున్నదో, నా మీద గూడ గంతే ఉన్నది. వాళ్లు చదవకుండ చేతులెత్తిన్రు. నేను చదవకుండ క్యాను ఎత్తిన. ఫరక్ ఏమున్నది?”

ఆండాలు మాట మార్చింది. “అమ్మ ఎట్లున్నది తమ్మీ? గిర్ని నడుస్తున్నదా?”

శ్రవణ్ తల్లి లక్ష్మీకాంతమ్మ రెండు గల్లీల అవతల పిండి గిర్ని నడుపుతుంది. జొన్నలు, గోధుమలు, మిరపకాయలు. ఆ గిర్ని మీదే కొడుకును పెంచింది.

“నడుస్తున్నది వదినా,” అన్నాడు శ్రవణ్ గ్లాసులోకి చూస్తూ.

వర్షిత నోటి దాకా మాట వచ్చింది. నలభై ఎనిమిదో పేజీలో కొత్త పన్ను పడినవి పిండి గిర్నీలే. కానీ తల్లి కళ్లతోనే వద్దంది. వర్షిత మింగేసింది.

ఆండాలు లోపలికి వెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. “దుడ్డె పుట్టి రెండు రోజులైంది. జున్ను పాలు. అమ్మకు ఇయ్యి. బెల్లం ఎక్కువ వేయొద్దని చెప్పు, షుగరున్నది.”

డబ్బా అందుకుంటూ శ్రవణ్ ఆమె ముఖం వంక చూశాడు. ఆమె ఎందుకో ఆయన ఎడమ భుజం వంక చూస్తోంది.

“ఏంది వదినా?”

“ఏం లేదు. పైలం పో.”

గుమ్మం దగ్గర ఆయన తిరిగాడు. “అన్నా, రేపు పది గంటలకు...”

పెంటయ్య పీచు తీసుకుని రాణి దగ్గరికి నడిచాడు.

*

తెల్లవారి పత్తర్‌గట్టి చాయ్ హోటళ్లకు పాలు వేసి పెంటయ్య ఏడున్నరకల్లా ఇంటికొచ్చాడు. స్నానం చేశాడు. పెట్టెలోంచి ఆ ఫొటోలోని తెల్ల అంగీయే తీసి తొడుక్కున్నాడు.

ఆండాలు బొత్తాలు చూసి, తెగిన ఒకదాన్ని కుట్టింది. ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో అడగలేదు.

“వర్షితా, కాగితం రాసినవా?” అన్నాడు పెంటయ్య.

ఆండాలు సూది దారం తెంపింది. వర్షిత పరుగున లోపలికి వెళ్లి కాగితం తెచ్చింది. రాత్రే రాసి పెట్టుకుంది, అడుగుతాడో అడగడో తెలియకుండానే.

“సంతకం ఇక్కడ బాపూ.”

“ఆగు. మొత్తం చదువు. ఈసారి మొత్తం ఇన్నంకనే పెడత.”

ఆమె చదివింది. “‘నేను, పాడి వృత్తి చేసుకునే పెంటయ్యను, ఆ రోజు నన్ను మోసగించి పాలు పోయించారని...’”

“గది తీసెయ్యి.”

“ఏది?”

“మోసం. శ్రవణ్ నన్ను మోసం చేయలే. వానికి గూడ ఎర్కలేదు. ‘నేను అడగలేదు, నాకు ఎవరూ చెప్పలేదు’ అని రాయి. నిజమేదో గదే రాయి.”

“అట్ల రాస్తే తప్పు నీ మీదికి వస్తది బాపూ.”

“కొంత నా మీద గూడ ఉన్నది గద బిడ్డా.”

వర్షిత కొట్టేసి, కొత్త కాగితం మీద మళ్లీ మొదటి నుంచి రాసింది. ఆయన పక్కన కూర్చుని ప్రతి వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు. ఆఖరున, నాలుగో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలతో, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం చేశాడు.

*

వార్డాఫీసు వరండాలో అంజన్న ముందే కూర్చుని ఉన్నాడు. నలభై ఇళ్ల పెద్ద. ఆయన చుట్టూ పాతిక మంది. పెంటయ్య రాగానే మాటలు ఆగాయి. అంజన్న తెల్ల అంగీ వంక చూశాడు.

“మళ్ల ఫొటో దిగుతవా ఏంది పెంటయ్యా?”

“దిగుత. ఈసారి నువ్వు గూడ రా, పక్కకు నిలబడు.”

ఎవరో కిసుక్కుమన్నారు. అంజన్న బెంచీ మీద కొంచెం జరిగాడు. పెంటయ్య కూర్చున్నాడు.

లోపల అధికారి కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మంచివాడిలాగే ఉన్నాడు. “ఈ ఫైలు నేను రాసింది కాదు పెంటయ్యగారూ. పై నుంచి వచ్చింది. మీరు చెప్పింది చేర్చుకుంటాను. కానీ ఒకటుంది. ఆ రోజు అక్కడున్న వాళ్లెవరైనా సాక్షి సంతకం చేయాలి. మీ ఇంటి వాళ్లు కాకుండా. లేకపోతే, తర్వాత ఎవరో చెప్పిస్తే రాసిచ్చారంటారు.”

ఆ రోజు ఫ్లెక్సీ దగ్గర పెంటయ్య తప్ప ఉన్నవాళ్లంతా పార్టీ మనుషులే.

“ఎప్పటిలోగా సార్?” అంది వర్షిత.

“ఇవాళే ఆఖరు. సాయంత్రం ఫైలు పైకి పోతుంది.”

అప్పుడే వరండాలో కలకలం. శ్రవణ్‌కుమార్ లోపలికి వచ్చాడు. ఒక చేతిలో సేఠ్ కోసం తీసుకున్న పూలమాల కవరు, ఇంకో చేతిలో మోగుతున్న ఫోను. చెమటలు పట్టాయి.

“అన్నా, ఏంది గిట్ల చేసినవ్? ఆడ అందరు నీ కోసం చూస్తున్నరు. సేఠ్ కారు చాదర్‌ఘాట్ దాటింది.”

పెంటయ్య లేచాడు. కాగితం ఆయన చేతిలో పెట్టాడు.

“సాక్షి కావాలంటున్నరు తమ్మీ. ఆ రోజు ఆడున్నది నువ్వే. పెట్టకున్నా నాకు నీ మీద కోపం లేదు. నువ్వు మోసుకొచ్చిన దానికి నేను ఎన్ని క్యాన్లు పోసినా తక్కువే. అది మా ఇంట్ల ఇప్పుడందరికి ఎర్కే. గాని ఒక్కటి. మొత్తం చదివి చెప్పు.”

శ్రవణ్ చదవడం మొదలుపెట్టాడు. మొదట నిలబడి, తర్వాత కుర్చీ అంచున కూర్చుని. తన పేరు ఉన్న చోట ఆగాడు. అక్కడ మోసం అన్న మాట కోసం వెతికినట్టున్నాడు. దొరకలేదు. తలెత్తి పెంటయ్య వంక చూసి, మళ్లీ దించాడు. ‘నలభై ఏడో పేజీలో మా కొట్టాలున్నట్టు నాకు ఎవరూ చెప్పలేదు’ అన్న చోట ఇంకోసారి ఆగాడు.

ఫోను ఆగి మళ్లీ మోగింది. తెర మీద సేఠ్ పేరు అందరికీ కనబడింది. గుమ్మంలో అంజన్న, ఆయన వెనక పాతిక తలలు.

అధికారి పెన్ను మూత తీసి బల్ల మీద పెట్టాడు.

శ్రవణ్ పెన్ను తీసుకోలేదు. ఫోను ఎత్తలేదు. మోగుతున్న ఫోనును ఆ ఫొటో పక్కన బోర్లా పెట్టాడు.

“వర్షితా,” అన్నాడు మెల్లగా, “మా అమ్మ గిర్ని ఏ పేజీల ఉన్నది?”